కడియంలో మా నాన్నని చూసినవాళ్ళు

దయ్యాల మీద నాకు ఏ రోజూ నమ్మకం లేదు. దేవుడి మీద ఉంది. రెండూ కంటికి కనపడనివే కదా, ఒకదాన్ని నమ్మి ఇంకోదాన్ని ఎలా కాదంటావని నా స్నేహితులు ఏడిపిస్తుంటారు. 

చిన్నప్పుడు మా కాలనీలో, గని ప్రమాదంలో పోయినవాళ్ళు మళ్ళీ షిఫ్టుకి వస్తారని చెప్పుకునేవాళ్ళు. మా నాన్న ఆ మాటలు వింటే నవ్వేవాడు. "బతికున్నోనికే షిఫ్టుకు పోబుద్ధి గాదు, సచ్చినోడెందుకొస్తడు" అనేవాడు. నేను ఆయన కొడుకుని. అందుకే ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మాది మంచిర్యాల దగ్గర బొగ్గు గనుల ఊరు. నాన్న పేరు లింగయ్య. భూమి లోపల, బొగ్గు తవ్వేసిన చోట పైకప్పు కూలిపోకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఇంట్లో పెద్దగా మాట్లాడడు. చెప్పాల్సింది అమ్మకి చెబితే అమ్మ మాకు చెబుతుంది.

నేను డిప్లొమా చదవడానికి హైదరాబాద్ వెళ్ళాను. అక్కడ నా రూమ్మేట్ ఆదివారం పూట ఒక చర్చికి వెళ్ళేవాడు. బయటివాళ్ళు మోర్మన్లు అంటారు. ఒకసారి తోడుగా వెళ్ళాను. మైకులు లేవు, డప్పులు లేవు. పాస్టర్ అంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు. ఆ వారం ఒక బ్యాంకు ఉద్యోగి లేచి మాట్లాడాడు, తర్వాతి వారం ఒక గృహిణి. రెండోసారి వెళ్ళేసరికి అందరికీ నా పేరు గుర్తుంది. నా హాస్టల్ వార్డెన్‌కి చివరిదాకా గుర్తులేదు. నేను అక్కడ ఉండిపోవడానికి మొదటి కారణం అదే. దేవుడు ఆ తర్వాత వచ్చాడు.

బాప్తిస్మం తీసుకుంటానంటే అమ్మ ఏడ్చింది. నాన్న "నీ ఇష్టం" అన్నాడు. ఆయనకి అసలు కోపం వచ్చింది దాని గురించి కాదు.

మా చర్చిలో కుర్రవాళ్ళు చదువో ఉద్యోగమో పక్కనపెట్టి రెండేళ్ళు మిషనరీగా వెళ్తారు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. జీతం ఉండదు. ఆ రెండేళ్ళూ ఇంటి ముఖం చూడకూడదు. నేను వెళ్తానని చెప్పిన రోజు నాన్న అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. "సదివిచ్చింది దీనికా" అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేను బయల్దేరిన రోజు ఆయనకి సెలవు. అయినా డ్యూటీ అడిగి మరీ వెళ్ళాడు. స్టేషన్‌కి అమ్మ ఒక్కతే వచ్చింది.

నన్ను రాజమండ్రి పంపారు. అదెంత దూరమని మీరనొచ్చు. నిజమే, ఒక రాత్రి రైలు ప్రయాణం. కానీ వెళ్ళడానికి వీల్లేని ఇల్లు ఎంత దగ్గరున్నా దూరమే.

మా ఊరి పక్కన పారేదీ గోదావరే. మా దగ్గర ఎండాకాలంలో ఇసుకలో నడిచి అవతలికి వెళ్ళిపోవచ్చు. ఇక్కడ అవతలి ఒడ్డు సన్నటి గీతలా కనిపిస్తుంది. మొదటి రోజుల్లో ఘాట్ మెట్ల మీద నిలబడి, ఈ నీళ్ళు మా ఊరు దాటి వచ్చినవే కదా అనుకునేవాడిని. కొన్నాళ్ళకి ఆ అనుకోవడం కూడా మానేశాను.

తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరు పట్టీ. మమ్మల్ని ఎల్డర్ అని పిలుస్తారు. నేను ఎల్డర్ దుర్గం. దుర్గం మా ఇంటిపేరు. తాడితోట బజారులో ఒక టైలర్ నా పట్టీ చదివి, "ఎల్డరంటే పెద్దవారని కదండి. మీకింకా మీసమే సరిగా రాలేదేంటి" అన్నాడు. పక్కనున్నవాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

మా చర్చిలో మిషనరీలు ఎప్పుడూ ఇద్దరు కలిసే ఉండాలి. తినడం, తిరగడం, ప్రార్థన, నిద్ర, అన్నీ ఒకేచోట. నాతో ఉన్నతను ఎల్డర్ అరుళ్, కోయంబత్తూరు కుర్రవాడు. తెలుగు కూడబలుక్కుని మాట్లాడేవాడు. నాకు తమిళం రాదు. ఇద్దరికీ అంతంతమాత్రం ఇంగ్లీషు. "కరెంట్ పోయింది", "పాలు విరిగాయి", "బస్సు వచ్చింది", ఇలాంటి మాటలతో రోజు గడిచిపోయేది. ఒంటరిగా ఉండే వీలే లేని జీవితం అది. అంత ఒంటరితనం నేను అంతకుముందు ఎరగను.

మేము టీ, కాఫీ తాగం. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషి టీ వద్దంటే ఆ ఇల్లాలి ముఖం ఎలా అవుతుందో చూడాలి. "పంచదార తక్కువేసి ఇస్తానండి" అంటారు. "పోనీ పాలు తాగండి" అంటారు. ఏదో ఒకటి తాగేదాకా ఊరుకోరు. లూథరన్, బాప్టిస్టు కుటుంబాలవాళ్ళు కూడా మర్యాదగానే మాట్లాడేవారు. కానీ "మీకు బైబిలు కాక వేరే గ్రంథం కూడా ఉందంట కదండి" అన్న ప్రశ్న తర్వాత కుర్చీ వేసేవారు కాదు. మమ్మల్ని పిలిచిన ఇళ్ళకే వెళ్ళేవాళ్ళం. పిలిచేవాళ్ళు తక్కువ.

నా మాట విని పిల్లలు నవ్వేవారు. నేను "ఏంది" అంటే వాళ్ళు మళ్ళీ అనిపించుకునేవారు. మెల్లగా నేను కూడా "ఏంటండి" అనడం నేర్చుకున్నాను. ఒక సోమవారం అమ్మ ఫోన్‌లో, "గట్లెందుకు మాట్లాడుతున్నవ్ బిడ్డా, పరాయోని లెక్క" అంది. ఆ రోజంతా నోరు తెరవబుద్ధి కాలేదు.

సోమవారం మా సెలవు రోజు. బట్టలు ఉతుక్కుని ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు. అమ్మ ఫోన్‌ని గోడకి ఆనించి కూరగాయలు తరుగుతూ మాట్లాడేది. వెనకాల తలుపు చప్పుడు, చెప్పుల చప్పుడు, నాన్న దగ్గు వినిపించేవి. అమ్మ ఫోన్ అటు తిప్పితే ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. తెర మీద అప్పుడప్పుడూ ఆయన భుజం కనిపించేది. అంతే.

రెండో ఏడాది వానాకాలంలో నాకు పూర్తిగా విసుగొచ్చింది. అరుళ్‌కి జ్వరం పట్టుకుని తగ్గలేదు. అతన్ని వదిలి నేను బయటికి వెళ్ళకూడదు కాబట్టి ఆ గదిలోనే ఉండేవాణ్ణి. అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను కిటికీలోంచి పక్క డాబా మీద ఆరేసిన బట్టలు తడవడం చూసేవాణ్ణి. అదే సమయంలో, మేము నెలల తరబడి వెళ్ళి కలుస్తున్న ఒక కుటుంబం ఇక రావద్దని కబురు చేసింది. వాళ్ళ పెద్దన్నయ్య ఒప్పుకోలేదట. వాళ్ళ చిన్నపిల్ల నాకు బొమ్మలు గీసి ఇచ్చేది. చివరిగా చూసి రావడానికి కూడా వీల్లేకపోయింది.

మా మిషన్‌కి ఒక పెద్దాయన ఉంటారు. శనివారం ఆయన ఫోన్ చేసి అందరితో మాట్లాడతారు. ఆ శనివారం, నన్ను ఇంటికి పంపేయండి అని అడగాలని నిశ్చయించుకున్నాను. అరుళ్‌కి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. దేవుడికి చెప్పాను, అదీ పెదవి కదపకుండా.

బుధవారం రాజమండ్రి పక్కన, మొక్కల నర్సరీలుండే కడియం వెళ్ళాం. అరుళ్ అప్పుడే కోలుకుంటున్నాడు. అక్కడ రత్నమ్మగారని మా సంఘం మనిషి ఒకామె ఉండేవారు. అరవై దాటిన మనిషి. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆదివారం కూటానికి రాలేకపోయేవారు. ఒక నర్సరీలో పనిచేసేవారు. అక్కడే ఒక పక్కన రేకుల షెడ్డులో ఆమె కాపురం. పగలంతా ఆ షెడ్డు వసారాలో కూర్చుని నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపుతుండేవారు. వారానికోసారి మేం వెళ్ళి వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఆమె పెట్టింది తిని వచ్చేవాళ్ళం. నేను బాగున్నానా అని అడిగి జవాబు కోసం ఆగే మనిషి ఆమె ఒక్కరే.

ఆ రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. గేటు దగ్గర లారీలో మామిడి అంట్లు ఎక్కిస్తున్నారు. తడిసిన కొబ్బరి పొట్టు వాసన. మొక్కల వరసల మధ్య గట్టు మీద నడిచి వెళ్ళాం. ఆమె మమ్మల్ని చూసి, మా వెనకాల చూసి, చేతిలో సంచి పక్కన పెట్టారు.

"నాన్నగారు మీకెదురు రాలేదా బాబూ?" అన్నారు.

అరుళ్‌ని అడుగుతున్నారనుకున్నాను. కాదు, నన్నే చూస్తున్నారు.

"ఎవరి నాన్నగారండి?"

"మీ నాన్నగారే. ఇందాకటిదాకా ఇక్కడే కూర్చున్నారు కదా. మీరొస్తన్నారేమో చూసొస్తానని అటెల్లారు."

నేను నవ్వాను. మా నాన్న మంచిర్యాలలో ఉన్నాడని చెప్పాను. ఆమె నవ్వలేదు. ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమని అడిగాను. ఆమె చెప్పినదాన్ని నేను ఏమీ కలపకుండా రాస్తున్నాను.

"టిఫిన్ వేళ దాటింది. ఒకాయన గట్టు మీద నుంచుని ఇటే చూస్తన్నారు. మొక్కల కోసం అనుకున్నాను. ఎవరు కావాలండీ అన్నాను. 'మా పోరడు ఇటొస్తడట గదా' అన్నారు. ఆ మాట మీ మాటే బాబూ, మొదట్లో మీరూ అచ్చం అలాగే మాట్లాడేవారు. తెల్లచొక్కాల అబ్బాయిలాండీ అంటే తలూపారు. వస్తారు కూర్చోండని మంచినీళ్ళిచ్చాను. తాగారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదనుకుంటా. కాసేపు కూర్చుని, పైకి చూసి, అదిగో ఆ కర్ర పెట్టారు."

ఆమె చూపించిన వైపు చూశాను.

ఆ వసారా కప్పుకి మధ్యలో ఒక దూలం. కింద గుంజకి చెదలు పట్టి అది కొంతకాలంగా వంగిపోయింది. అంతకుముందు వారమే నేను, జాగ్రత్త, పక్కకి జరిగి కూర్చోండని ఆమెకి చెప్పాను. ఇప్పుడు దాని కింద ఒక సరుగుడు కర్ర నిలబెట్టి ఉంది. మొక్కలకి ఊతంగా పాతడానికి మూలన వేసి ఉంచిన కర్రల్లోంచి తీసినది.

"పైన వేలితో కొట్టి చూశారండి. ఇంకో చెయ్యి దూలానికి ఆనించి పెట్టుకుని, చెవొగ్గి విన్నారు. నాకు నవ్వొచ్చింది, డాక్టరుగారిలా ఏంటా అని. తరవాత కత్తి అడిగి తీసుకున్నారు" అన్నారు రత్నమ్మగారు.

నేను దగ్గరికి వెళ్ళాను. కర్ర అడుగున మట్టి కాస్త గీకి, ఒక పలక రాయి వేసి, దాని మీద నిలబెట్టారు. పైన దూలానికీ కర్రకీ మధ్య రెండు చెక్క ముక్కలు. ఒక పక్క సన్నగా చెక్కి, ఎదురెదురుగా జొనిపి, బిగిసేదాకా కొట్టారు. ఒక్క మేకు లేదు. చెక్కిన చోట చెక్క ఇంకా పచ్చిగా, తెల్లగా ఉంది.

మా ఇంటి వసారా దూలం వంగినప్పుడు నాన్న సరిగ్గా ఇలాగే చేశాడు. మేకు కొడదామని నేనంటే, గనిలో మేకులుండవు అన్నాడు. పైకప్పుని వేలితో కొట్టి, ఇంకో అరచెయ్యి దానికి ఆనించి, లోపల బోలు ఉందేమో చూడడం ఆయన అలవాటు. కొత్త ఇంటికి భోజనానికి వెళ్ళినా చూసేవాడు. అమ్మకి సిగ్గేసేది.



అరుళ్‌కి ఇంగ్లీషులో చెప్పాను. అతను కర్రని ఊపి చూశాడు. కదల్లేదు. ఎవరైనా వడ్రంగి పెట్టి ఉండొచ్చు కదా అన్నాడు. ఉండొచ్చు.

ఫోన్‌లో నాన్న ఫోటో ఒకటి ఉంది, మా చెల్లి పుట్టినరోజుకి తీసింది. రత్నమ్మగారికి చూపించాను. ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈయనే బాబూ. కాకపోతే గెడ్డం పెరిగుంది. తెల్లగా, ఇంత."

నాకు ఊపిరాడింది. మా నాన్న గడ్డం పెంచడు. జ్వరమొచ్చినా గీసుకుంటాడు. అయితే ఈయన వేరెవరో. మా వైపు నుంచి మొక్కలు కొనడానికి వచ్చిన ఎవరో గనిమనిషి. ఈమె ఏదో అడిగి ఉంటుంది, ఆయన ఏదో చెప్పి ఉంటాడు.

అప్పుడే వీర్రాజు అటు వచ్చాడు. నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెట్టే మనిషి. మా చర్చితో అతనికి సంబంధం లేదు. మమ్మల్ని చూస్తే పలకరించి తన పని తాను చూసుకునేవాడు. రత్నమ్మగారు ఆయన్ని చూశావా అని అడిగారు.

"గెడ్డమాయనేనా? చూశానండి. కర్ర చెక్కుతుంటే పక్కనించే ఎల్లాను" అన్నాడు.

"ఎటెళ్ళారు?" అన్నాను.

వీర్రాజు గేటు వైపు చూసి, తల గోక్కున్నాడు. "అదేనండి, గేటు దగ్గర పైపు పట్టుకుని నేనే ఉన్నాను. లారీవాళ్ళూ అక్కడే ఉన్నారు. బయటికైతే ఎల్లలేదండి. లోపలెక్కడో ఉండుంటారు."

వీర్రాజు, అరుళ్, నేను నర్సరీ అంతా తిరిగాం. చుట్టూ కంచె, ఒక పక్క కాలవ. వానకి గట్లన్నీ మెత్తగా ఉన్నాయి. పనివాళ్ళ పాదాల గుర్తులు బోలెడున్నాయి. వాటిలో ఏవి ఎవరివో ఎలా చెప్పగలం. ఎవరూ కనిపించలేదు.

అప్పుడు నాకు భయం వేసింది. ఎలాంటి భయమో మీకు అర్థమయ్యే ఉంటుంది. మనిషి ఒకచోట ఉండి ఇంకోచోట కనిపించాడంటే మా కాలనీలో దానికి ఒకటే అర్థం. నాన్న నైట్ షిఫ్టుల్లో ఉన్నాడని అమ్మ సోమవారమే చెప్పింది.

ఇంటికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది.

"ఏమైంది బిడ్డా? గియ్యాల చేసినవేంది?" అమ్మ గొంతులో కంగారు.

"నాన్న ఏడి?"

"పండుకున్నడు. పొద్దుగాల షిఫ్టు దిగి అచ్చిండు. ఎందుకు?"

"లేపు."

"అలిసిపోయి పండుకున్నడురా."

"అమ్మా, లేపు."

ఆమె లోపలికి వెళ్ళడం వినిపించింది. "ఏమయ్యో, శ్రీకాంత్ ఫోన్ జేసిండు" అంది. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచేటప్పటికి ఆమె గొంతు మారిపోయింది. "లేస్తలేడు కొడుకా. ఒళ్ళంత సల్లగుంది" అంది. మంచం కోళ్ళు నేలకి కొట్టుకుంటున్న చప్పుడు. ఆమె ఆయన్ని ఊపేస్తోంది. ఫోన్ ఎక్కడో పడిపోయింది. నేను ఆ నర్సరీలో నిలబడి, "అమ్మా, అమ్మా" అంటూ ఉన్నాను. రత్నమ్మగారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

తర్వాత దగ్గు వినిపించింది. సోమవారాల్లో తలుపు వెనకాల వినే దగ్గే.

నీళ్ళు తాగిన చప్పుడు. అమ్మ ఏడుపు. ఆయన ఏదో కసురుకున్నాడు. వీడియో ఆన్ చెయ్యమని అరిచాను. ఎలా చేసిందో, తెర మీద ముందు ఫ్యాన్ కనిపించింది, తర్వాత నాన్న ముఖం. నిద్ర మత్తులో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

గడ్డం పెరిగి ఉంది. తెల్లగా.

"గడ్డం ఎప్పటి నుంచి?" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. అమ్మ పక్కనుంచి చెప్పింది, వానలు మొదలైనప్పటి నుంచి గీసుకోవట్లేదట, చెబితే వినట్లేదట. నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఆమెకి తోచలేదు.

నాన్న లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ఫోన్ అమ్మ చేతిలోంచి తీసుకుని దగ్గరగా పెట్టుకున్నాడు. ఏడాది దాటిన తర్వాత ఆయన ముఖం పూర్తిగా చూడడం అదే.

"తిన్నవా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"తిను."

 నన్నే చూస్తున్నాడు. 

"నడిమిట్ల ఇడిసిపెట్టి రాకు. పట్టినవ్ గదా. ఒడగొట్టుకోనే రా" అన్నాడు.

పూర్తి చేసుకునే రమ్మని. నేను ఇంటికి రావాలనుకుంటున్న సంగతి అప్పటికి నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

రత్నమ్మగారికి ఆయన్ని చూపించాలని తోచేలోపే కాల్ కట్ అయింది. మళ్ళీ కలవలేదు.

ఆమె లోపలికి వెళ్ళి అన్నం తెచ్చారు. చింతచిగురు వేసి వండిన పప్పు, వంకాయ కూర. ముగ్గురికని ఎక్కువ వండారట. నేను తినలేననుకున్నాను కానీ తిన్నాను. ఆకలి వేసింది. నాన్న కోసం కడిగి పెట్టిన కంచాన్ని ఆమె తీయలేదు. మేం వెళ్ళేదాకా అలాగే ఉంది.

ఆ సాయంత్రం గదికొచ్చి బట్టలు ఉతుక్కుంటుంటే అరుళ్ తనంతట తాను మాట్లాడాడు. తెలుగులోనే మాట్లాడాడు. అతని నాన్న చిన్నప్పుడే పోయారట. అమ్మ బట్టల మిల్లులో పనిచేస్తుందట. ఆ సంగతి కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

"నా కోసం ఎవరూ రాలేదు, చూడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బకెట్లో చొక్కా పిండుతూ తల ఎత్తలేదు. జ్వరంలో గోడవైపు తిరిగి పడుకున్నన్నాళ్ళూ ఇతను నిద్రపోయి ఉండడని నాకు అప్పుడు అనిపించింది. ఆ రోజు నుంచి మేం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. నాకు ఇప్పుడు కొంచెం తమిళం వచ్చు.

శనివారం పెద్దాయన ఫోన్ చేశారు. ఇంటికి పంపమని అడగలేదు. జరిగింది మాత్రం చెప్పాను.  దేవదూత అనో, దర్శనం అనో అంటారనుకున్నాను. "నాన్నగారు బాగున్నారా?" అని అడిగారు. బాగున్నారన్నాను. "అయితే సోమవారం మళ్ళీ మాట్లాడండి" అన్నారు. 

నేను నాకు చేతనైనంత విచారించాను. నాన్నతో పాటు షిఫ్టు చేసే పక్కింటాయనని తర్వాత అడిగాను. ఆ పొద్దున ఇద్దరూ కలిసే గని పైకి వచ్చారు. ఒకే బస్సులో ఇంటికి వచ్చారు. ఆ తర్వాత బయల్దేరి ఎంత వేగంగా వచ్చినా మేం కడియం చేరే వేళకి రాజమండ్రి పొలిమేరకి కూడా ఎవరూ రాలేరు. రత్నమ్మగారి గురించి నేను అమ్మకి చెబుతుండేవాణ్ణి. పక్కగదిలోంచి నాన్న విని ఉంటాడు. కాబట్టి ఆ ఊరు, ఆ మనిషి ఆయనకి తెలిసి ఉండొచ్చు. తెలియడం వేరు, వచ్చి కర్ర పెట్టడం వేరు.

అచ్చం ఆయనలాంటి ఇంకో మనిషి వచ్చాడనుకుందాం. అదే యాస, అదే గడ్డం, అదే పని తెలిసిన మనిషి. అతనికీ తెల్లచొక్కా వేసుకున్న కొడుకు ఉండాలి. ఆ చుట్టుపక్కల మేం ఇద్దరమే ఉన్నాం. అరుళ్ కోయంబత్తూరువాడు.

రత్నమ్మగారు నాతో అబద్ధమాడారని నేను అనుకోను. ఆడి ఆమెకి ఒరిగేదేమీ లేదు. పైగా వీర్రాజు ఉన్నాడు. ఆ తర్వాత యజమాని షెడ్డుకి కొత్త రేకులు వేయించినా ఆమె ఆ కర్రని తీయనివ్వలేదు.

నా రెండేళ్ళూ పూర్తి చేశాను. మిగిలిన నెలల్లో ఏదో అద్భుతం జరిగిందని చెప్పలేను. మళ్ళీ కొన్ని ఇళ్ళు పిలిచాయి, కొన్ని వద్దన్నాయి. బెంగ పోలేదు. కాకపోతే సోమవారాల్లో నాన్న వచ్చి కూర్చునేవాడు. "తిన్నవా" అని అడిగి, నేను అమ్మతో మాట్లాడుతుంటే వింటుండేవాడు.

తిరిగి వచ్చిన రోజు మంచిర్యాల స్టేషన్‌లో ఆయనే ఉన్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నా బ్యాగు అందుకున్నాడు.

కొన్ని వారాలు ఆగి అడిగాను. ఆ బుధవారం ఏమైనా కల వచ్చిందా అని అడిగాను. "నాకు కలలు రావు" అన్నాడు. కడియం గురించి మొత్తం చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. నవ్వుతాడనుకున్నాను, చనిపోయినవాళ్ళ కథలకి నవ్వినట్టు. నవ్వలేదు.

"వచ్చిన్నో రాలేదో నాకైతే ఎరుక లేదు. రావాల్నని మస్తుసార్లు అనుకున్న" అన్నాడు.

మరి రాలేదేం అని అడగడానికి నాకు నోరు రాలేదు.

కిందటి ఏడాది ఒక ఆదివారం రత్నమ్మగారికి వీడియో కాల్ చేశాను. వీర్రాజు ఫోన్ పట్టుకుని ఆమెకి చూపించాడు. బాగా చిక్కిపోయారు. మాట్లాడుతుండగా నాన్న నా పక్కనుంచి వెళ్ళబోయాడు. నేను ఆపి ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఈ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం నాకు తెలిసినంతలో అదే మొదటిసారి.

రత్నమ్మగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. తెలిసిన మనిషిని పలకరించినట్టే పలకరించారు.

"ఏంటండి అన్నగారూ, ఆ రోజు వండి పెడితే మంచినీళ్ళే తాగి ఎల్లిపోయారు?" అన్నారు.

నాన్న ఒక్క క్షణం ఆమె వైపే చూశాడు.

"మల్లచ్చినప్పుడు తింట, అక్కా" అన్నాడు.

ఫోన్ నాకిచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పెద్దామె మాట కాదనడం ఎందుకని అలా అన్నాడేమో. మా నాన్న కాదనాల్సిన చోట కాదని అనే మనిషే. ఆ 'మల్ల', అంటే 'మళ్ళీ', అన్న మాట గురించి నేను ఆయన్ని ఇప్పటిదాకా అడగలేదు. అడిగినా ఏం చెబుతాడో, చెబితే నేను ఏం చేసుకోవాలో నాకు తెలియదు.